భీమిలి నుంచి విశాఖకు: కుర్రకారుతో ఒక రోజు తీరయాత్ర నడపడం ఎలా

విశాఖపట్నం నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే రోడ్డు సుమారు 30 కిలోమీటర్లు. ఎవరిని అడిగినా రామకృష్ణా బీచ్ దగ్గర మొదలుపెట్టి భీమిలిలో ముగించమంటారు. అద్దె కార్ల వాళ్ళూ అలాగే తిప్పుతారు. నేను మాత్రం తిరగేసి నడుపుతాను. తెల్లవారేసరికి భీమిలిలో ఉంటాం, చీకటి పడేసరికి నగరానికి చేరతాం. వేటకు వెళ్ళిన తెప్పలు పొద్దున్నే ఒడ్డుకు వస్తాయి. ఎర్రమట్టి దిబ్బల్లో పది దాటితే నిలబడలేం. నగరం ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన కురుసుర జలాంతర్గామిలోకి మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే జనాన్ని పంపుతారు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే దారి ఏ చివర నుంచి మొదలవ్వాలో వేరే ఆలోచించే పని ఉండదు.

కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి, సెలవులు వస్తే చాలు, అక్కచెల్లెళ్ళ పిల్లలూ వాళ్ళ స్నేహితులూ నా మీద పడతారు. "పిన్నీ, ఎక్కడికైనా తీసుకెళ్ళు" అంటారు. ఎక్కడికైనా అంటే వాళ్ళ ఉద్దేశం ఫొటోలు బాగా వచ్చే చోటికని. ఫొటోలతో నాకు పేచీ లేదు. ఒకే రోజులో ఊళ్ళో ఉన్నవన్నీ చూపించేసి, ఏ ఒక్కచోటా చెప్పు విప్పి ఇసుకలో కాలు పెట్టనివ్వని తిరుగుడుతోనే నా పేచీ అంతా. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ మధ్య వాళ్ళను ఒక రోజు తిప్పే పని మీ మీద పడితే, నేను అనుసరించే పద్ధతి ఇది.

బయల్దేరే ముందు

పన్నెండు మందికి మించి జట్టు కట్టకండి. ఒక్క టెంపో ట్రావెలర్‌లో సరిపోతారు. అలల హోరులో గొంతు చించుకోకుండా మాట్లాడవచ్చు. తలలు లెక్కపెట్టడం ఒక్క చూపులో అయిపోతుంది. పదమూడో వాడు ఎంత దగ్గరి చుట్టమైనా సరే, వచ్చే నెల రమ్మనండి. ఇద్దరిద్దరిని జతలు కట్టి, "నీ జత ఎక్కడుందో నువ్వే చెప్పాలి" అని ముందే ఒప్పించండి. పెద్దవాళ్ళు ఇద్దరు ఉండాలి, ముందు ఒకరు, వెనక ఒకరు. ముందు నడిచేవారికి దారి తెలిస్తే చాలు. ఓపిక కావలసింది వెనకవారికి. చెప్పు తెగినవాళ్ళు, ఫోనులో మునిగినవాళ్ళు, అలిగినవాళ్ళు అందరూ వెనకే తేలతారు.

బస్సులో వెళ్ళాలనుకుంటే 900కె పట్టుకుంటే తీరం వెంబడే భీమిలి చేరవచ్చు. కానీ మధ్యలో చోటు చోటునా దిగి మళ్ళీ ఎక్కాలంటే పన్నెండు మందితో సాగదు. జట్టు నలుగురిదే అయితే బస్సే బాగుంటుంది, డబ్బూ మిగులుతుంది. రుసుములు, భోజనం, బండి అద్దె కలిపి ముందురోజే అందరి దగ్గరా సమానంగా వసూలు చేసి ఒకరి చేతిలో పెట్టండి. డబ్బు మనిషిగా బాగా మాట్లాడేవాడిని కాక, చిన్న పుస్తకంలో రాసుకునే అలవాటు ఉన్న పిల్లను పెట్టండి.

ఇక తెచ్చుకోవలసినవి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ లేదా తలకు చుట్టుకునే తువ్వాలు, నూలు చొక్కా, ఒక జత మార్చుకునే బట్టలు. రబ్బరు చెప్పులు వద్దు. మంగమారిపేట దగ్గర పాచి పట్టిన రాళ్ళ మీద అవి నిలవవు. మడమ దగ్గర పట్టీ ఉన్న పాత చెప్పులో, తడిసినా బాధలేని బూట్లో వేసుకోమనండి. జట్టు మొత్తానికి ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, కట్టుగుడ్డ, ఇరవై మీటర్ల నైలాను తాడు, మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నీళ్ళ డబ్బా ఒకటి, ఒక అయస్కాంతం. తాడూ డబ్బా ఎందుకో సముద్రం దగ్గర చెబుతాను, అయస్కాంతం సంగతి అంతకంటే ముందే వస్తుంది.

అడగడానికి అందరూ మొహమాటపడే విషయం మరొకటి ఉంది. మరుగుదొడ్డి ఎక్కడ ఉందో తెలియకపోతే ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్ళు తిరగడం, "ఏమీ లేదు పిన్నీ" అనడం. అందుకని బండి ఎక్కగానే భీమిలిలో ఎక్కడ, తొట్లకొండ మీద ఎక్కడ, ఋషికొండలో ఎక్కడ ఆగుతామో వరసగా చెప్పేస్తాను. మీరు కూడా ఒకసారి ముందుగా వెళ్ళి ఆ చోట్లు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంత శ్రమ అవసరమా అనిపిస్తే ఇంట్లోనే ఉండటం మేలు.

ఆ రోజు ఆటుపోట్ల వేళలు ముందే చూసి పెట్టుకోండి. విశాఖ వేళలు ఫోనులోనే దొరుకుతాయి. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు తేడా ఉంటుంది. ఒకరోజు వేళ మరునాటికి ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతుంది. అమావాస్యకూ పున్నమికీ నీళ్ళు ఎక్కువ పైకి వస్తాయి, ఎక్కువ వెనక్కి తీస్తాయి. మంగమారిపేట శిలాతోరణం దగ్గరకు నీళ్ళు తీసే వేళకు చేరాలి. వేళ కుదరకపోతే ముందు తొట్లకొండ ఎక్కి దిగి, తర్వాత అక్కడికి వెళ్ళండి. రెండూ పక్కపక్కనే. మిగతా క్రమం అలాగే ఉంచి ఈ రెండింటినే అటూ ఇటూ మార్చుకోవచ్చు.

భీమిలి: తెప్పలు, నల్ల ఇసుక

శీతకాలంలో ఆరున్నరకు, మే నెలలో ఐదున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు. దానికి అరగంట ముందు ఒడ్డున ఉండాలి. అంటే నగరంలో నాలుగున్నరకే బండి కదలాలి. మూలుగుతారు, మూలగనివ్వండి. దారిలో నిద్రపోతారు.

తెప్పలు ఒడ్డుకు వచ్చే చోట జట్టును ఒక పక్కగా నిలబెట్టండి. వలల మీద కాలు వేయకూడదు, తాళ్ళు దాటకూడదు. ఫొటో తీసే ముందు అడగాలి. "బాబాయ్, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అంటే సాధారణంగా కాదనరు. గంపల దగ్గర బేరం చేస్తున్న అమ్మల్ని మాత్రం ఆ వేళ కదిలించకండి. వాళ్ళకు ఆ అరగంటలో వచ్చేదే రోజు కూలి. వేలం ముగిసి కాస్త తెరిపిన పడ్డాక పలకరిస్తే వాళ్ళే గంపలు వంచి చూపిస్తారు. కవ్వళ్ళు ఏవి, నెత్తళ్ళు ఏవి, వంజరం ముక్క ఎందుకు అంత ఖరీదు, అన్నీ చెబుతారు. ఒక్కోసారి ఒడ్డు నుంచి లాగే అలివి వల పడి ఉంటుంది. రెండు గుంపులుగా నిలబడి రెండు తాళ్ళూ లాగుతుంటారు. చెయ్యి వేయమంటే వేయండి. ఉంగరాలు తీసేయాలి, చేతికి తువ్వాలు చుట్టుకోవాలి. తడి తాడు అరచేతిని ఊరికే వదలదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఇక్కడ ఇంత సందడి ఆశించకండి.

జనవరి నుంచి మార్చి దాకా ఇసుకలో ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక జాడ నీళ్ళలోంచి పైకి వచ్చి మళ్ళీ నీళ్ళలోకి పోయి కనిపిస్తే, రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళిందన్నమాట. తవ్వి చూడాలని చేతులు లాగుతాయి, తవ్వనివ్వకండి. అటవీ శాఖ వాళ్ళు గుడ్లను సేకరించి తీరం వెంబడి కంచె వేసిన చోట్లలో పొదిగిస్తారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. జాడ కనిపించిందని వాళ్ళకు చెప్పడమే మనం చేయగల సాయం.

ఇప్పుడు అయస్కాంతం తీయండి. భీమిలి ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది మురికి అనుకుని తప్పుకుని నడుస్తారు. అయస్కాంతానికి పల్చటి కాగితం చుట్టి ఆ చార మీద ఆనించండి. నల్లటి రేణువులు కాగితానికి మీసాల్లా నిలువుగా అంటుకుంటాయి. కాగితం విప్పితే జలజల రాలిపోతాయి. అంటుకున్నవాటిలో ఇనుము ఉంది. మాగ్నటైట్, ఇల్మనైట్ అనే ఖనిజాలవి. అంటుకోకుండా మిగిలినదాన్ని అరచేతిలో పోసుకుని ఎండకు తిప్పి చూడమనండి. లేత ఎరుపు రేణువులు మెరుస్తాయి. అవి గార్నెట్లు, నగల్లో పొదిగే రాయి తాలూకు పొడి. ఇవన్నీ తూర్పు కనుమల్లోని ఖొండలైట్ రాళ్ళు అరిగి, వాగుల వెంట కొట్టుకొచ్చినవి. తేలికైన తెల్ల ఇసుకను అల వెనక్కి లాక్కుపోతుంది, బరువైనవి ఒడ్డునే చారలుగా మిగిలిపోతాయి. నేను దీని గురించి ముందుగా ఒక్క ముక్కా చెప్పను. అయస్కాంతం చేతికిచ్చి, "ఈ నలుపు ఎక్కడిది?" అని అడిగి ఊరుకుంటాను. ప్రతి చోటా ఇలాంటి ఒక్క ప్రశ్న ఉంటే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. బొర్రా గుహలను తొలిచిన నది ఇదేనని చెబితే, అరకు వెళ్ళొచ్చిన వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. నది కలిసే చోట మాత్రం నీళ్ళలో దిగనివ్వకండి. అడుగున ఇసుక రోజుకో తీరుగా ఉంటుంది.

ఫలహారం చేసి ఊళ్ళోకి నడవండి. 17వ శతాబ్దంలో డచ్చి వాళ్ళు ఇక్కడ వర్తకం పెట్టారు. 1824 ఒప్పందం తర్వాత ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది, దేశంలో చాలా పాతవాటిలో ఇదొకటి. డచ్చి సమాధులు, దీపస్తంభం, గంటస్తంభం, పెద్ద మర్రిచెట్లు, అన్నీ నడిచి చూడగలిగినంత దూరంలోనే ఉన్నాయి. సమాధుల దగ్గర పది నిమిషాలు చాలు. పాత రాతి పలకలపై ఎక్కి కూర్చోవద్దని చెప్పండి. చెప్పకపోతే కూర్చుంటారు.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలి నుంచి నగరం వైపు నాలుగైదు కిలోమీటర్లు వస్తే ఎర్రమట్టి దిబ్బలు. ఎనిమిదిన్నరకల్లా ఇక్కడ ఉండాలి. సినిమాల్లో చాలాసార్లు చూసిన చోటే కాబట్టి రాగానే అందరూ ఫోనులు తీస్తారు. పావుగంట వదిలేయండి. ఆ సరదా తీరితే గానీ మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

సముద్రానికి ఇంత దగ్గరలో, కొండ కాదు, బండ కాదు, ఉత్త ఇసుకే గట్టిపడి ముప్పై మీటర్ల దాకా ఎత్తున నిలబడి ఉంటుంది. మంచుయుగంలో సముద్రం నేటికంటే చాలా వెనక్కి పోయి ఉండేది. బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. తర్వాత వేల ఏళ్ళ వానలకు అందులోని ఇనుము తుప్పు పట్టి రేణువు రేణువుకూ ఎర్రటి పూత పూసింది. వాన నీళ్ళే దాన్ని కోసి లోయలు చేశాయి. చిటికెడు తీసుకుని తడి వేళ్ళ మధ్య రుద్దమనండి. వేలు ఎర్రబడుతుంది, లోపల గరుగ్గా తెల్లటి ఇసుకరేణువు తగులుతుంది. తమిళనాడు తీరంలోనూ శ్రీలంకలోనూ ఇలాంటివి ఉన్నాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేర్చారు. ఆ గౌరవం సంగతి అలా ఉంచితే, చుట్టూ ఇళ్ళ స్థలాలు దిబ్బల అంచుదాకా వచ్చేశాయి. ఆ మాట కూడా కుర్రవాళ్ళకు చెప్పాలి. చెప్పి, మట్టి ఒక్క సీసాడు కూడా తీసుకెళ్ళనివ్వకూడదు.

ఇక్కడ జాగ్రత్తలు తక్కువే గానీ గట్టివి. లోయ గోడలెక్కి జారకూడదు. పైపెచ్చు విరిగితే మనిషితో సహా దిగుతుంది. లోపల దారులన్నీ ఒకేలా ఉంటాయి, రెండు మలుపులు తిరిగితే దిక్కు తెలియదు. అందుకని లోపలికి వెళ్ళేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయమంటాను. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా కనిపించేది ఆ దృశ్యమే కదా. ముళ్ళ పొదల్లోకి చెయ్యి పెట్టకూడదు, పాములు తిరిగే చోటు. వాన పడేలా ఉంటే లోయల్లోకే దిగవద్దు. దారిలో నౌకాదళం వారి ప్రాంతం కూడా ఉంది. ఆ గోడల వైపు కెమెరా ఎత్తవద్దని బండిలోనే చెప్పేయండి. డ్రోను తెచ్చిన వీరుడు ఎవరైనా ఉంటే అది సంచిలోంచి బయటికి రాకూడదు.

మంగమారిపేట, తొట్లకొండ

మంగమారిపేట ఒడ్డున అల దెబ్బకు రాతిలో పడిన సహజ తోరణం ఉంది. నీళ్ళు తీసినప్పుడు దగ్గరదాకా నడవవచ్చు. పైకెక్కి నిలబడి ఫొటో దిగాలని ఒక్కడైనా అంటాడు. వద్దనండి, కారణం కూడా చెప్పండి. రాయి ఎప్పుడు వదులవుతుందో ఎవరికీ తెలియదు. రాళ్ళ మధ్య మిగిలిన నీటి గుంటల్లో చిన్న పీతలు, గుల్లలు, ఒక్కోసారి చిక్కుకుపోయిన చేపపిల్లలు కనిపిస్తాయి. నాకైతే తోరణం కంటే ఆ గుంటల దగ్గరే ఎక్కువ సేపు గడుస్తుంది. నీడ నీటి మీద పడకుండా కూర్చుని, కదలకుండా ఉంటే అప్పటిదాకా దాక్కున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఫోను లేకుండా ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవడం ఈ కాలపు పిల్లలకు పెద్ద పరీక్షే. అయినా కూర్చుంటారు, ఎందుకంటే పీత రావడం నిజంగానే బాగుంటుంది.

తొట్లకొండకు రోడ్డు ఉంది, బండి పైదాకా వెళుతుంది. ఎత్తు 128 మీటర్లు. 1976లో నౌకాదళం విమానం నుంచి సర్వే చేస్తుండగా ఈ బౌద్ధ స్థావరం ఆనవాళ్ళు బయటపడ్డాయి. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపం, చైత్యగృహాలు, స్తంభాల మండపం, భిక్షువులు ఉండే గదుల వరసలు బయటికి వచ్చాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రెండు వేల ఏళ్ళ నాటి మాట ఇది.

స్తూపం దగ్గర అందరూ ఆగుతారు. మీరు వాళ్ళను రాతిలో తొలిచిన తొట్ల దగ్గరకు తీసుకెళ్ళండి. అక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటే: "కొండ మీద ఇంతమందికి తాగే నీళ్ళు ఎక్కడివి?" కింద సముద్రం నిండా నీళ్ళే గానీ గుక్కెడు కూడా పనికిరావు. ఎవరో ఒకరు బావి అంటారు. ఈ బండలో బావి ఎలా తవ్వుతారని ఇంకొకరు అంటారు. కాసేపటికి వాళ్ళే వాలు ఎటు ఉందో చూస్తారు, వాన నీరు ఎటునుంచి వచ్చి ఎందులో పడుతుందో వేలితో గీసి చూపించుకుంటారు. వానాకాలమంతా భిక్షువులు ఒకేచోట ఉండిపోవాలన్నది బౌద్ధంలో నియమం. ఆ మూడు నెలలు ఇక్కడ గదుల నిండా మనుషులు ఉండేవారు. అలాంటి గది ఒకదానిలో ఒకరు నిలబడి చేతులు చాచి చూస్తే ఎంత ఇరుకో తెలుస్తుంది. గోడల మీద మాత్రం నడవకూడదు.

సమీపంలోనే బావికొండ, భీమిలి దగ్గర పావురాళ్ళకొండ కూడా బౌద్ధ స్థలాలే. మూడూ ఒకే రోజు చూపించాలని ఉబలాటపడకండి. రెండోదాని దగ్గరకే ఇటుకలన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతాయి. చరిత్ర మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళు ఇంకోసారి వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

ఋషికొండ: స్నానం, సముద్రం సంగతి

పదకొండున్నరకు ఋషికొండ చేరండి. శుభ్రంగా, భద్రంగా ఉన్న తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఈ తీరానికి 2020లో వచ్చింది. దుస్తులు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, ఒడ్డున కాపలా ఉండే ఈతగాళ్ళు ఉన్నారు. రోజు మొత్తంలో నీళ్ళలో దిగడానికి నేను ఒప్పుకునేది ఇక్కడ ఒక్కచోటే. అదీ మోకాలి లోతు వరకే, కాపలావారు ఉన్న మేరలోనే. ఈత వచ్చిన వాడికీ అదే నియమం. చెరువులో ఈత, సముద్రంలో ఈత ఒకటి కావు.

దిగే ముందు అందరినీ ఒడ్డున కూర్చోబెట్టి పావుగంట నీళ్ళ వైపు చూడమంటాను. అలలు వరసగా తెల్లగా విరుగుతుంటాయి. మధ్యలో ఒకచోట అల విరగదు. నీళ్ళు కాస్త నల్లగా, నునుపుగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. నురుగు అక్కడ ఒడ్డు వైపు కాకుండా లోపలికి పోతుంటుంది. తెలియనివాళ్ళు ఎంచుకునేది సరిగ్గా ఆ చోటునే, అల లేదు కదా అని. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. మోకాలి లోతు నుంచే కాళ్ళ కింద ఇసుక కదిలించి లాగేస్తుంది. ఆ దారి ఈ రోజు ఇక్కడ ఉంటే రేపు ఇంకోచోట ఉంటుంది, అందుకే వెళ్ళిన ప్రతిసారీ చూడాలి.

అందులో చిక్కినవాళ్ళు ఒడ్డుకు ఎదురీదకూడదు. పది నిమిషాల్లో చేతులు పడిపోతాయి. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి కేక వేయాలి. లాగడం తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు కదిలి, అలలు విరిగే చోటు నుంచి బయటికి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు చేయకూడని పని ఒకటి ఉంది: స్నేహితుడి వెనకే దూకడం. ఒకరి కోసం ఒకరు దిగి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మన తీరంలో ఏటా చదువుతూనే ఉన్నాం. మనం తెచ్చిన తాడు ఒక కొసకు ఖాళీ డబ్బా కట్టి విసరాలి. మూత బిగించిన డబ్బా మనిషిని తేల్చి ఉంచుతుంది. ఈలోగా ఒకరు కాపలావారి దగ్గరకు పరుగెత్తాలి, ఇంకొకరు 112కు ఫోను చేయాలి. ఎవరు ఏ పని చేయాలో ముందే పేర్లు పెట్టి పంచండి. అప్పటికప్పుడు అయితే అందరూ నిలబడి అరుస్తారు. విసరడం కూడా ఒకసారి ఇసుక మీద అభ్యాసం చేయించండి. మొదటిసారి తాడు చిక్కుపడుతుంది, నవ్వుకుంటారు. రెండోసారికి చుట్ట సరిగా వేయడం వస్తుంది.

జెల్లీ చేప తగిలి మంట పెడితే రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు. సముద్రపు నీళ్ళతోనే కడగాలి. మందు తాగి ఎవరైనా వస్తే నీళ్ళ దరికి రానివ్వకండి. ఇందులో నేను స్నేహం, చుట్టరికం చూడను. పడవలు, ఈత ఆటలు కావాలనుకునేవాళ్ళు లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించుకున్నాకే ఎక్కాలి.

భోజనం ఇక్కడే. చేపల పులుసు, నెత్తళ్ళ వేపుడు అడిగితే దొరుకుతాయి. శాకాహారులు ఉంటే ముందే ఫోను చేసి చెప్పండి, లేకపోతే వాళ్ళకు పెరుగన్నమే గతి. వేసవిలో దారి పక్కన తాటి ముంజలు, చలికాలంలో తేగలు కనిపిస్తే బండి ఆపించండి. తిన్నాక రెండున్నర దాకా నీడలో పడుకోనివ్వండి. ఎండ వేళ నేను ఏ చోటూ చూపించను.

నగరం

కైలాసగిరి నా జాబితాలో లేదు. పైనుంచి తీరమంతా వంపు తిరిగి కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ సరికి తొట్లకొండ మీదనుంచి ఒకసారి చూసే ఉంటారు, పైగా రోప్‌వే దగ్గర వరసలో గంట పోతుంది. పట్టుబడితే తెన్నేటి పార్కు దగ్గర ఓ పది నిమిషాలు ఆపండి.

మూడున్నరకు కురుసుర. సోమవారం సెలవు కాబట్టి మీ యాత్ర సోమవారం పెట్టుకోకండి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొంది. 2001లో విధుల నుంచి తప్పించి, ఒడ్డుకు లాగి, 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే గుండ్రటి ద్వారంలోంచి ఒక కాలు, తల, రెండో కాలు ఆ వరసలోనే దూర్చాలి. పొడుగు కుర్రవాళ్ళు ఒకరిద్దరు నుదురు తగిలించుకోక మానరు. ఇరుకు చోటంటే భయపడేవాళ్ళను బలవంతం చేయకండి, ఎదురుగా టీయూ-142 విమానం ఉంది, దాన్ని చూస్తారు. లోపల వివరించే నౌకాదళ మాజీ సిబ్బంది మాటలు శ్రద్ధగా వినమనండి. పడకల పక్కనే టార్పెడోలు పెట్టుకుని పడుకోవడం ఎలా ఉంటుందో వాళ్ళు చెబితేనే బాగుంటుంది. బయటికి వచ్చాక కాస్త దూరంలో ఉన్న యుద్ధ స్మారకం దగ్గర, 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇదే తీరానికి ఎదురుగా మునిగిందని చెప్పండి. సముద్రం వైపు చూపిస్తూ చెప్పాలి, ఫలకం చదివి కాదు.

ఐదున్నర తర్వాత రామకృష్ణా బీచ్‌లో వదిలేయండి. ముంత మసాలా, మొక్కజొన్న పొత్తులు, మిరపకాయ బజ్జీలు. ఇక్కడి నీళ్ళలోకి మాత్రం దిగనివ్వకండి, ఈ తీరం లోతు నమ్మదగింది కాదు. చీకటి పడే ముందు ఒకసారి జతలు లెక్కపెట్టి, డబ్బు పుస్తకం తెరిచి, మిగిలింది అక్కడికక్కడే పంచేయండి. ఎవరు ఏ బండిలో ఇంటికి పోతున్నారో రాసుకుని, చేరాక ఒక్క సందేశం పెట్టమనండి. ఆఖరి సందేశం వచ్చేదాకా మీ పని అయిపోయినట్టు కాదు.

ఎప్పుడు వెళ్ళాలని అడిగితే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మేలో వెళ్ళక తప్పకపోతే దిబ్బల తర్వాత తిన్నగా నీడకు చేరి, తొట్లకొండను సాయంత్రానికి జరిపి, జలాంతర్గామిని మరో రోజుకు వదిలేయండి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం, 2014లో హుద్‌హుద్ ఈ తీరాన్నే తాకింది. వాయుగుండం అన్న మాట వార్తల్లో వినిపించిందంటే బండి రద్దు చేసి డబ్బులు తిరిగి ఇచ్చేయండి. పెద్ద అలలు చూద్దాం పిన్నీ అని ఆ రోజు ఎవరు అడిగినా నేను ఫోను కూడా ఎత్తను.